మార్గెరీత్ డ్యురాస్‌ను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

చిత్రలేఖ

నిన్న సాయంత్రం మా ఫిల్మ్ క్లబ్బులో ‘ఇండియా సాంగ్’ వేశారు. 1975 నాటి ఫ్రెంచి సినిమా. నలభై మందిమి కూర్చుంటే, దీపాలు వెలిగేసరికి పదిహేను మందిమి మిగిలాము. మొదట చాలాసేపు కుంగిపోతున్న సూర్యుడు తప్ప మరేమీ లేదు. ఎవరో ఆడమనిషి మనకు తెలియని భాషలో పాడుతూ ఉంటుంది, మధ్యలో నవ్వుతుంది. తరువాత పెద్ద అద్దం ఉన్న గది. మనుషులు మెల్లగా నడుస్తారు, జంటలుగా నాట్యం చేస్తారు. మాటలు వినబడుతూనే ఉంటాయి గాని ఎవరి పెదవీ కదలదు.

ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. నచ్చిందో లేదో ఇప్పటికీ చెప్పలేను, ఆ పియానో బాణీ మాత్రం వదలడం లేదు. దర్శకురాలు మార్గెరీత్ డ్యురాస్ ముందు నవలా రచయిత్రి అనీ, ‘ప్రేమికుడు’ ఆమెదే అనీ తెలుసు. అంతకు మించి తెలియదు. ఈ మనిషి ఎవరు? నవలలు ముందు చదవాలా, సినిమాలు ముందు చూడాలా?

ఫ్రెంచి పాఠం

చిత్రలేఖ గారూ, నన్నడిగితే వాళ్ల అమ్మ దగ్గర మొదలుపెట్టమంటాను. డ్యురాస్ రాసినదంతా ఆ తల్లి చుట్టూనే తిరుగుతుంది.

డ్యురాస్ పుట్టింది 1914 ఏప్రిల్ 4న, సైగాన్ పక్కనున్న జా దిన్‌లో. అప్పుడది ఫ్రెంచి ఇండోచైనా, ఇప్పుడు వియత్నాం. అసలు ఇంటిపేరు దొన్నాదియు. తండ్రి లెక్కల ఉపాధ్యాయుడు, ఆమెకు ఏడేళ్లప్పుడు పోయాడు. ఆయన చివరి రోజులు గడిపింది ఫ్రాన్స్‌లో డ్యురాస్ అనే ఊరి దగ్గర. 1943లో మొదటి నవల అచ్చుకు వెళ్లేటప్పుడు తండ్రి ఇంటిపేరు తీసేసి ఆ ఊరి పేరు పెట్టుకుంది.

తల్లి మారీ బడిపంతులమ్మ. ముగ్గురు పిల్లలతో అక్కడే ఉండిపోయింది. కూడబెట్టినదంతా పోసి కంబోడియాలో ప్రే నోప్ దగ్గర ప్రభుత్వం కేటాయించే భూమి తీసుకుంది. పొలం చూస్తే సముద్రం అంచున ఉంది. ఏటా ఉప్పునీళ్లు ఎక్కి పైరు చచ్చిపోయేది. చేతులు తడిపిన వాళ్లకు మంచి భూమి, తడపని వాళ్లకు ఇటువంటి భూమి ఇవ్వడం అక్కడి సర్వే అధికారులకు మామూలు. ఆ సంగతి ఆమెకు ముందు తెలియదు. పైగా గడువులోగా సాగులోకి తేకపోతే భూమి వెనక్కి తీసుకుంటారు. అది మరొకరికి అమ్ముతారు, మళ్లీ ఇదే కథ.

1950లో వచ్చిన ‘పసిఫిక్ సముద్రానికి అడ్డుకట్ట’ నవల ఇదే. ముందు అది చదవండి. నిజానికి ఆ పొలం పక్కన ఉన్నది పసిఫిక్ కాదు. చైనా సముద్రం అంటే పల్లెటూరి పేరులా ఉందని నవలలో తల్లి పట్టుబట్టి దాన్ని పసిఫిక్ అంటుంది.

దివిసీమ రైతుబిడ్డ

సాహిత్య చర్చల్లో నేను పెద్దగా రాయను. ఫ్రెంచి పాఠం గారు చెప్పిన నవల ఆరేళ్ల క్రితం ఇంగ్లీషు అనువాదంలో చదివాను, అందుకని ఆగలేకపోతున్నాను.

అందులో తల్లి చుట్టుపక్కల రైతులందరినీ కూడగట్టి సముద్రానికి అడ్డంగా గట్లు వేయిస్తుంది. మడచెట్ల దుంగలు, మట్టి. పైరు పచ్చబడుతుంది. జూలైలో పెద్ద పోటు వస్తుంది. తీరా చూస్తే గట్లను పొలంలోని చిన్న చిన్న ఎండ్రకాయలు లోపల్లోపల తొలిచేసి ఉంటాయి. ఒక్క రాత్రిలో కూలిపోతాయి.

ఆ పుట చదివి పుస్తకం మూసి బయటకు వెళ్లి కూర్చున్నాను. మా ఊళ్లో ఎండ్రకాయ బొరియ అంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. గట్టు మీద నిలబడితే కనబడేది రూపాయి బిళ్లంత రంధ్రం, పక్కనే గోలీల్లాంటి మట్టి ఉండలు. లోపల అది మోచేయంత పొడుగు పోయి అవతలి ప్రక్క తేలుతుంది. నీరు చెమ్మలా మొదలై, ధారగా మారి, గట్టునే లాక్కుపోతుంది. ఇది పుస్తకాలు చూసి రాసే సంగతి కాదు. బురదలో దిగిన వాళ్లకు, దిగిన వాళ్ల పిల్లలకు తెలిసే సంగతి.

ఉప్పు సంగతి కూడా అంతే. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత మా పొలం గురించి నాన్నగారు చెప్పేవారు. నీళ్లు తీసినా ఉప్పు తీయదు. ఎండలు ముదిరేకొద్దీ తెల్లగా పైకి తేలుతుంది. మంచినీళ్లు పెట్టి కడిగి, మురుగు కాలువలోకి వదిలి, మళ్లీ పెట్టి మళ్లీ వదలాలి. డ్యురాస్ తల్లికి ఆ మంచినీళ్లూ లేవు, మురుగు కాలువా లేదు, పక్కన తెలిసిన మనిషీ లేడు. ఆ ఇల్లాలి మొండితనాన్ని నేను పిచ్చి అనలేను.

పాతరీలు

రైతుబిడ్డ గారూ, ఈ వేదికలో ఈ ఏడాది నేను చదివిన మంచి ముక్క మీది.

అదే నవలలో ఇంకో చోటు చూపిస్తాను. పొలం కొనడానికి డబ్బు కోసం తల్లి పదేళ్లు ‘ఈడెన్ సినిమా’ అనే హాల్లో పియానో వాయిస్తుంది. అవి మూకీల రోజులు. పియానో తెరకు మరీ దగ్గరగా, హాలు మట్టానికి బాగా కింద ఉంటుంది. పదేళ్లలో ఆమె ఒక్క సినిమా కూడా చూడలేకపోతుంది. డ్యురాస్ ఆ సంగతిని వదిలిపెట్టలేదు. 1977లో ‘ఈడెన్ సినిమా’ అనే పేరుతోనే నాటకం రాసింది.

తెర కింద కూర్చుని బొమ్మ చూడకుండా సంగీతం మాత్రం అందించిన తల్లి. చిత్రలేఖ గారు నిన్న చూసిన సినిమాలో బొమ్మ ఒక దారి, ధ్వని ఒక దారి. ఈ రెంటికీ చుట్టరికం ఉందని నా గట్టి నమ్మకం.

సినిమాలోకి ఆమె ముందు రచయిత్రిగా వచ్చింది. ‘అడ్డుకట్ట’ను రెనే క్లెమాన్ 1958లో సినిమాగా తీశాడు. ఆ హక్కుల డబ్బుతో ప్యారిస్‌కు పడమరగా నోఫ్ల్-ల-షాతోలో పెద్ద ఇల్లు కొనుక్కుంది. 1959లో దర్శకుడు అలాన్ రెనే కోసం ‘హిరోషిమా, నా ప్రేమ’ రాసింది. హిరోషిమాలో అంతా చూశానని ఫ్రెంచి స్త్రీ అంటుంది, నువ్వు ఏమీ చూడలేదని జపాను మగవాడు అంటాడు. ఆసుపత్రి చూసింది, మ్యూజియం చూసింది, అయినా చూడలేదు. కంటికి కనబడినదంతా చూసినట్టు కాదన్న ఆ పట్టుదల ఆమెది, అలాన్ రెనేది కాదు. ఆ స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆమె నవల ‘మొదెరాతో కాంతాబిలే’ను 1960లో పీటర్ బ్రూక్ సినిమాగా తీశాడు, అందులో నటించిన ఝాన్ మొరోకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఇంత పేరు వచ్చినా తన రాతలతో ఇతరులు తీసిన సినిమాలు ఆమెకు తృప్తినివ్వలేదు. 1967లో ‘లా మ్యూజికా’తో, మరొకరితో కలిసి, తానే కెమెరా వెనక్కి వెళ్లింది. అప్పటికి వయసు యాభై దాటింది.

ఖరగ్‌పూర్ వాసి

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. నాన్నగారు రైల్వే. కలకత్తా మాకు పండగ బట్టల ఊరు, ఆసుపత్రి ఊరు. అందుకే ‘ఇండియా సాంగ్’ నాకు మింగుడుపడలేదు, ఆ మాట దాచను.

కథ జరిగేది 1937లో. కలకత్తాలో ఫ్రెంచి రాయబారి నివాసం, ఆయన భార్య ఆన్-మరీ స్ట్రెటర్, ఆమె చుట్టూ మగవాళ్లు. లాహోర్ షాలిమార్ తోటలో కుష్ఠురోగుల మీద కాల్పులు జరిపిన వైస్ కాన్సల్ (ఫ్రెంచి దౌత్య అధికారి) కూడా అక్కడే ఉంటాడు. కానీ రాజధాని ఢిల్లీకి తరలుతుందని 1911లోనే ప్రకటించారు. బ్రిటిష్ పాలనలో ఉన్న దేశంలో రాయబారి ఎక్కడి నుంచి వస్తాడు? నది వెంట కొంచెం పైకి వెళితే చందన్‌నగర్, అప్పటికి అది ఫ్రెంచి వాళ్ల చేతిలోనే ఉంది. సరైన సరుకు పక్కనే ఉండగా లేనిది ఎందుకు కల్పించాలి?

సినిమా మొత్తం ఫ్రాన్స్‌లోనే తీశారు. ఆ భవనం ప్యారిస్ శివారులోని రోత్‌షీల్డ్ వాళ్ల పాడుబడ్డ కోట. ఎక్కడా కలకత్తా లేదు. బిచ్చగత్తె గొంతు, కుష్ఠురోగులు, వేడి, ధూపం. మన ఊరు వాళ్లకు నీడలాగా పనికివచ్చిందంతే.

ఫ్రెంచి పాఠం

మీ బాధ నాకు అర్థమైంది. పటం ప్రకారం మీరు చెప్పినవన్నీ నిజాలే. అయితే ఆ పాడే స్త్రీ బెంగాలీ కాదు. ఆమె లావోస్‌లోని సవన్నాఖెత్ మనిషి, పాట లావో భాషది. 1966 నాటి ‘వైస్ కాన్సల్’ నవల ఆమెతోనే మొదలవుతుంది. పెళ్లికాకుండా గర్భవతి అయిందని కన్నతల్లి ఇంట్లోంచి గెంటేస్తే, నడుచుకుంటూ, దారి తప్పాలని కోరుకుంటూ, ఏళ్ల తరబడి నడిచి కలకత్తా చేరుతుంది.

ఆమె అంతకు ముందే ఉంది. ‘అడ్డుకట్ట’లో ఒక స్త్రీ కాలికి పుండుతో కుంటుకుంటూ వచ్చి, చంకలోని బిడ్డను తల్లి చేతుల్లో పెట్టి వెళ్లిపోతుంది. కొన్ని నెలలకు బిడ్డ చనిపోతుంది. చిన్నతనంలో తమ ఇంట్లో ఇటువంటిది జరిగిందని డ్యురాస్ తరువాత చెప్పింది. అంటే నిన్న చిత్రలేఖ గారు విన్న ఆ నవ్వు, ఆ పాట, మెకాంగ్ నది ఒడ్డున ఒక పిల్ల చూసిన బిచ్చగత్తెవి. ఆమె డ్యురాస్ వెంట నవల నుంచి నవలకు నడిచి, చివరికి సినిమాలోకి వచ్చింది. తెర మీద మనకు కనబడదు, గొంతుగానే ఉంటుంది.

కలకత్తాకు న్యాయం జరగలేదన్న మాట మాత్రం కాదనను.

ప్రశ్నార్థకం

అందరూ ఆరాధనతో రాస్తున్నారు, అందుకని రెండో వైపు కూడా ఉండాలి.

1940లో ‘ఫ్రెంచి సామ్రాజ్యం’ అనే పుస్తకం వచ్చింది. వలస పాలనను కీర్తించే పుస్తకం. రాసిన ఇద్దరిలో ఒకరు మార్గెరీత్ దొన్నాదియు. అప్పుడామె వలసల మంత్రిత్వ శాఖలో ఉద్యోగి. తన తల్లిని ముంచిన యంత్రాంగం అదే. తరువాత జర్మన్ ఆక్రమణ కాలంలో, ప్రచురణకర్తలకు కాగితం కేటాయించే సంఘంలో పనిచేసింది. 1985లో ఒక పసివాడి హత్య కేసు ఫ్రాన్స్‌ను కుదిపేస్తుంటే, ఆ ఊరికి వెళ్లివచ్చి, తల్లే చంపిందన్నట్టుగా ‘లిబెరాసియోఁ’ పత్రికలో పెద్ద వ్యాసం రాసింది. పైగా ఆ తల్లిని మహోన్నతురాలిగా కీర్తించింది. ఆ తల్లి నిర్దోషి అని 1993లో న్యాయస్థానం తేల్చింది. బిడ్డ పోయిన మనిషి మీద తన ఊహను రుద్దడం రచయితకు ఉన్న ఏ స్వేచ్ఛ కిందకి వస్తుంది?

నిర్మల, గుంటూరు

ప్రశ్నార్థకం గారూ, 1985 వ్యాసాన్ని నేను సమర్థించను. అది అన్యాయం. అంతే.

మొదటి రెండింటి తరువాత ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. భర్త రొబేర్ ఆంతెల్మ్, ఆమె, ‘దియోనిస్ మాస్కోలో’ అనే పేరుగల మిత్రుడు, ముగ్గురూ ప్రతిఘటన ఉద్యమంలో చేరారు. వాళ్ల దళనాయకుడు తరువాత దేశాధ్యక్షుడైన ఫ్రాన్స్వా మితెరాన్. 1944 జూన్ 1న ఆంతెల్మ్‌ను పట్టుకున్నారు. బుకెన్‌వాల్డ్ నాజీ శిబిరానికి పంపారు, చివరికి డకావ్ శిబిరంలో తేలాడు. శిబిరం విడుదలయ్యాక అక్కడికి వెళ్లిన మితెరాన్‌ను శవాల వంటి మనుషుల మధ్య నుంచి ఒక సన్నని గొంతు పేరు పెట్టి పిలిచింది. టైఫస్ జ్వరం అంటుకుంటుందన్న భయంతో ఎవరినీ బయటకు వదలడం లేదు. దియోనిస్, ఇంకో మిత్రుడు యూనిఫారాలు వేసుకుని వెళ్లి, ఆయన్ను దొంగచాటుగా కారులో ప్యారిస్ తీసుకొచ్చారు.

‘వేదన’ 1985లో అచ్చయింది. ఆ ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో అందులో ఉంది. ఐదు అడుగుల పది అంగుళాల మనిషి ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో కిలోలు. కడుపునిండా పెడితే చనిపోతాడు, పెట్టకపోయినా చనిపోతాడు. అందుకని చెంచాతో జావ. ఒక చెంచా, ఆగడం, మళ్లీ ఒక చెంచా. ఆయన తిండి కోసం అడిగితే ఇంకా ఇవ్వకూడదని చెప్పాలి. నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. ఆకలితో ఎండిపోయిన రోగికి జావ పట్టేటప్పుడు చేతికి వచ్చే వణుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ పుటల్లో ఒక్క అలంకారం లేదు. మలం రంగు కూడా రాసింది. ఏ రోగికైనా అది చూడకుండా జావ పెంచము.

తరువాత ఆంతెల్మ్‌తో విడాకులు, 1947లో దియోనిస్ వల్ల కొడుకు. కానీ ఆ ముగ్గురి స్నేహం తెగలేదు. ప్యారిస్‌లో సేన్-బెన్వా వీధి 5వ నంబరు ఇంట్లో మిత్రులు రాత్రుళ్లు చేరి వాదించుకుంటూనే ఉన్నారు. 1960లో అల్జీరియా యుద్ధానికి వ్యతిరేకంగా 121 మంది చేసిన ప్రకటనలో ఆమె సంతకం ఉంది.

ప్రశ్నార్థకం

నిర్మల గారూ, ‘వేదన’ నేను చదవలేదు, తెప్పించుకుంటాను. 1940 పుస్తకం రాసిన చెయ్యే పదేళ్లకు ‘అడ్డుకట్ట’ రాసిందన్నది నేను ఆలోచించవలసిన విషయమే. ఆ నవలలో పచ్చి మామిడికాయలు తిని కలరాతో పోయే పల్లె పిల్లలు, గొలుసులతో రోడ్డు వేసిన ఖైదీలు ఉన్నారని ఇప్పుడే చదివాను. 1985 వ్యాసం మీద నా మాట మారదు.

పాతరీలు

సినిమాల వరుస అడిగారు కాబట్టి చెబుతాను. ‘ఇండియా సాంగ్’తో మొదలుపెట్టడం మెట్లెక్కకుండా మిద్దె ఎక్కడం లాంటిది. ముందు ‘నతాలీ గ్రాంజే’, 1972. తన నోఫ్ల్ ఇంట్లోనే తీసింది. ఝాన్ మొరో, లూచియా బోజే ఇద్దరు స్త్రీలు. భోజనం అయ్యాక బల్ల మీది పళ్లాలు తీస్తారు, తుడుస్తారు, కడుగుతారు. కెమెరాకు ఏ తొందరా ఉండదు. ఆ ఇంట్లోకి వాషింగ్ మెషీన్లు అమ్మే కుర్రవాడు వస్తాడు. కొత్తగా వస్తున్న జెరార్ దెపార్ద్యూ. తన సరుకు గురించి చెబుతూ పోతాడు, వాళ్లు ఊరికే చూస్తూ ఉంటారు. ఆ మౌనం ముందు అతని మాటలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఇంటిపని చేసే ఆడవాళ్ల మౌనాన్ని అంత దగ్గరగా చూపిన సినిమా నాకు ఇంకోటి తెలియదు.

తరువాత ‘లారీ’, 1977. డ్యురాస్, దెపార్ద్యూ గదిలో కూర్చుని కాగితాలు చూసి కథ చదువుతారు. ఒక స్త్రీ లారీ ఎక్కి ఉండేది, డ్రైవరుతో మాట్లాడి ఉండేది, ఇది సినిమా అయి ఉండేది. అన్నీ ‘ఉండేది’లే. మధ్యమధ్య శీతాకాలపు రోడ్ల మీద నీలం లారీ. ఆ స్త్రీ చివరిదాకా కనబడదు. కానీ సినిమా అయ్యాక ఆమె ముఖం నాకు గుర్తుంది.

ఇప్పుడు ‘ఇండియా సాంగ్’ మళ్లీ చూడండి. ఆ వెంటనే 1976లో తీసిన ‘ఎడారి కలకత్తాలో ఆమె వెనిస్ పేరు’. ధ్వని మొత్తం ‘ఇండియా సాంగ్’దే, ఒక్క ముక్క మార్చలేదు. బొమ్మల్లో మాత్రం పెచ్చులూడిన గోడలు, పగిలిన కిటికీలు, ఖాళీ గదులు. మనుషులు వెళ్లిపోయారు, గొంతులు ఉండిపోయాయి. 1981 నాటి ‘అట్లాంటిక్ మనిషి’కి వచ్చేసరికి 42 నిమిషాల్లో చాలా భాగం నల్లని తెరే.

ఫ్రెంచి పాఠం

పాతరీలు గారి నల్లని తెర దగ్గర నుంచి ‘ప్రేమికుడు’కు ఒక్క అడుగే దూరం.

ఆ పుస్తకం మొదట నవలగా పుట్టలేదు. కుటుంబ ఫోటోలతో ఒక ఆల్బం వేద్దామని, వాటికి మాటలు రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ అసలైన ఫోటో తీయనే లేదని గుర్తించింది. పదిహేనున్నరేళ్ల పిల్ల, మెకాంగ్ దాటే పంటు, తల మీద మగవాళ్ల టోపీ, కాళ్లకు జరీ చెప్పులు, వెనక నల్ల కారులో ధనికుడైన చైనా యువకుడు. ఆ క్షణానికి ముందు ముందు ఎంత విలువ వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ తీయలేదు. ఆ లేని ఫోటో చుట్టూ నవల అల్లుకుంది. ఒకే పేరాలో ‘నేను’ కాస్తా ‘ఆమె’ అవుతుంది, ‘ఆమె’ మళ్లీ ‘నేను’ అవుతుంది. తనను తాను అవతలి ఒడ్డు నుంచి చూసుకుంటుంది.

1984లో వచ్చింది. 1950లో ఫ్రాన్స్‌లోని పెద్ద సాహిత్య బహుమతి గోంకూర్ అందినట్టే అంది చేజారింది. ఈసారి వచ్చింది, డెబ్బై ఏళ్ల వయసులో. దర్శకుడు ఝాన్-ఝాక్ అనో దాన్ని సినిమా తీస్తున్నప్పుడు ఇద్దరికీ కుదరలేదు. ఆమె ఊరుకోకుండా 1991లో ‘ఉత్తర చైనా ప్రేమికుడు’ అని అదే కథను మూడోసారి రాసింది. 1950లో ఆ మగవాడు ధనికుడైన అందవికారి, 1984లో వణికే చేతుల పిరికి ప్రేమికుడు, 1991లో ధీమా గలవాడు. ఏది నిజం అని అడిగే వాళ్లున్నారు. వియత్నాంలోని సా దెక్‌లో ఆ యువకుడి ఇల్లు ఇప్పుడు పర్యాటకులకు చూపిస్తున్నారు కూడా. నాకైతే మూడుసార్లు రాయవలసి రావడమే నిజం.

చివరి ఏళ్లు తేలిక కావు. తాగుడు, 1982లో దాని చికిత్స, 1988లో మొదలై నెలల తరబడి కోమా. 1980 నుంచి తోడున్నది యాన్ ఆంద్రేయా, ఆమెకన్నా చాలా చిన్నవాడు, మాటలు చెబుతుంటే టైపు చేసిపెట్టేవాడు. 1996 మార్చి 3న సేన్-బెన్వా ఇంట్లోనే కన్నుమూసింది. మోంపర్నాస్ శ్మశానంలో రాతి మీద పేరు, కింద పొడి అక్షరాలు రెండు: ఎం. డి.

దివిసీమ రైతుబిడ్డ

ఈ చర్చ చదివి నిన్న రాత్రి ‘అడ్డుకట్ట’లో ఆ భాగం తీసి అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మకు ఎనభై దాటాయి. చూపు తగ్గింది. అంతా విని, గట్టు రాత్రే ఎందుకు కూలిందో తెలుసా అని అడిగింది. పెద్ద పోటు రాత్రి వచ్చి ఉంటుందన్నాను. అది కాదంది. పగలు బొరియ కంటికి ఆనదట. రాత్రి ఊరు సద్దుమణిగాక గట్టు మీద పడుకుని చెవి ఆనిస్తే నీళ్లు జారే చప్పుడు వినబడుతుందట. మా తాతయ్య అలాగే వెతికి బురద ముద్దలతో మూసేవాడట. “పాపం, ఆ ఇల్లాలికి గట్టు మీద పడుకునే మనిషి లేకపోయి ఉంటాడు” అంది.

తరువాత ఆ పంతులమ్మ మళ్లీ నాటిందా అని అడిగింది. ఆ పిల్ల పుస్తకం రాస్తే తల్లి ఏమందని కూడా అడిగింది. తన ఓటమిని లోకానికి చెప్పిందని కోపం తెచ్చుకుందట అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

చిత్రలేఖ

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈ వారమంతా ‘అడ్డుకట్ట’ చదివాను. నిన్న ‘ఇండియా సాంగ్’ మళ్లీ పెట్టుకున్నాను. ఈసారి మొదటి పది నిమిషాలు తెర వైపు చూడలేదు, గదిలో దీపం ఆర్పి విన్నాను. ఆ స్త్రీ సవన్నాఖెత్ నుంచి నడిచి వస్తున్నదని తెలిసి విన్నాను. నవ్వు దగ్గర ఒళ్లు జలదరించింది. ఖరగ్‌పూర్ వాసి గారూ, మీ కలకత్తా అందులో లేదు, ఒప్పుకుంటాను. మీరు పెరిగిన కలకత్తా గురించి విడిగా ఒక చర్చ మొదలుపెడితే మొదట చదివేది నేనే.

వచ్చే నెల క్లబ్బులో ‘నతాలీ గ్రాంజే’ వేయడానికి ఒప్పించాను. రైతుబిడ్డ గారూ, ఆ నెల హైదరాబాద్ వచ్చే పని ఉంటే అమ్మగారిని కూడా తీసుకురండి. ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను. పళ్లాలు కడిగే చప్పుడు అక్కడికి బాగా వినబడుతుంది.